నొప్పి బిళ్ళకూ పథ్యం ఉన్నది

ఆయుర్వేద వైద్యుని వద్ద మందు తెచ్చుకున్న రోగిని ఇంట్లోవారు అడిగే మొదటి ప్రశ్న "పథ్యమేమిటి?" అన్నది. వంకాయ తినవచ్చునా, పెరుగు పోసుకోవచ్చునా, మందు తేనెతోనా నేతితోనా, పరగడుపునా భోజనానంతరమా - ఇవన్నీ తెలుసుకోనిదే ఆ పొట్లం విప్పరు. అదే ఇంట్లో మోకాలి నొప్పికి మందుల షాపు నుండి తెచ్చిన బిళ్ళను మాత్రం ఏ ప్రశ్నా లేకుండా మింగుతారు. బిళ్ళకు పథ్యం లేదని మనలో ఒక గట్టి నమ్మకం. ఇంగ్లీషు మందులోని సౌకర్యమే అదని సంతోషించేవారు కూడా ఉన్నారు. ఈ నమ్మకం తప్పని నా అభిప్రాయం. నొప్పి బిళ్ళకు పథ్యం ఉన్నది. మన కషాయాల పథ్యం కంటె అది కఠినమైనది కూడా. అయితే అది వంకాయకు, పెరుగుకు సంబంధించినది కాదు. రోగి వయస్సుకు, ఆ రోగి అప్పటికే వాడుతున్న ఇతర మందులకు, శరీరంలో ఉన్న నీటికి సంబంధించినది.

ఆయుర్వేద పత్రికలో ఈ శీర్షిక చూడగానే, ఇక ఇంగ్లీషు మందులను తిట్టడం మొదలవుతుందని కొందరు పాఠకులు అనుకోవచ్చును. ఆ పని నాకు రుచించదు. పంటిపోటుతో రాత్రంతా నిద్ర లేనివానికి, కాలు మడత పడి మడమ వాచినవానికి, బొటనవ్రేలి కీలు ఎర్రబడి దుప్పటి తగిలినా ఓర్వలేని వాతరక్తపు రోగికి ఈ బిళ్ళలు చేసే మేలు నిజమైనది. పైగా వీటి మూలం కూడా మొక్కలలోనే ఉన్నది. విల్లో చెట్టు బెరడును నొప్పులకు, జ్వరాలకు వాడే అలవాటు పాశ్చాత్య దేశాలలో ప్రాచీనకాలం నుండి ఉన్నది. ఆ బెరడులోని పదార్థంపై జరిగిన పరిశోధనల ఫలితంగానే 1897లో జర్మనీలోని బేయర్ సంస్థలో ఆస్పిరిన్ తయారైంది. 1899 నుండి బజారుకు వచ్చింది. మూలిక నుండి వచ్చినంత మాత్రాన మందు సాధువు కాదనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

అది ఎలా పని చేస్తుందో మాత్రం చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 1971లో ఇంగ్లండుకు చెందిన జాన్ వేన్ ఆ రహస్యం విప్పారు. ఆ కృషికి 1982లో ఆయనకు, మరి ఇద్దరు శాస్త్రజ్ఞులకు కలిపి నోబెల్ బహుమతి లభించింది. దెబ్బ తగిలినచోట, కీలు అరిగినచోట శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారు చేస్తుంది. వాపు, ఎరుపు, వేడి, నొప్పి చాలావరకు వాటి వల్లనే. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, నిమెసులైడ్, మెఫెనమిక్ ఆమ్లం - పేర్లు ఎన్నయినా ఈ బిళ్ళలన్నీ ఆ తయారీనే అడ్డుకుంటాయి. నొప్పి తగ్గుతుంది. చిక్కంతా ఎక్కడ ఉన్నదంటే, ఆ ప్రోస్టాగ్లాండిన్లే జీర్ణాశయపు లోపలి పొరను ఆమ్లం నుండి కాపాడుతాయి. రక్తం తక్కువగా ఉన్న సమయంలో మూత్రపిండాలకు దారి తెరిచి ఉంచేవి కూడా అవే. మోకాలిలో మాత్రమే పని చేసి కడుపు జోలికి పోవద్దని బిళ్ళకు చెప్పే ఉపాయం లేదు.

జీర్ణాశయం సంగతి చాలామందికి కొంత తెలుసు. "అన్నం తిని వేసుకో" అని షాపువాడు కూడా చెబుతాడు. మంచిమాటే, పాటించవలసినదే. కాని హాని అంతా బిళ్ళ కడుపు గోడకు తగలడం వల్లనే జరుగుతుందనుకోవడం పొరపాటు. మందు రక్తంలో కలిసిన తరువాత ఆ రక్తం ద్వారానే జీర్ణాశయపు పొర బలహీనపడుతుంది. అందువల్లనే సూదిమందు తీసుకున్నా, మలద్వారం గుండా వాడినా పుండు పడే ప్రమాదం తప్పదు. "బిళ్ళ పడదు, సూది వేయండి" అని కోరేవారు ఈ విషయం గమనించవలెను. పల్లెలలో రెండు రోజులకొకసారి డైక్లోఫెనాక్ సూది పొడిపించుకుంటూ కడుపు కాపాడుకుంటున్నామనుకునే వృద్ధులను చూస్తే జాలి వేస్తుంది. మరొక సంగతి. ఈ పుండు ఎల్లప్పుడూ నొప్పితో తెలియదు. నొప్పి తెలియనివ్వని మందునే కదా మింగుతున్నాము! కొందరిలో మొదటి సూచనే నల్లగా తారులాగ, జిగటగా వచ్చే మలము, లేదా కాఫీపొడి వంటి వాంతి. అరవై దాటినవారికి, పూర్వం పుండు ఉన్నవారికి, స్టెరాయిడ్ మాత్రలు గాని రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మందులు గాని వాడేవారికి, మద్యం అలవాటు ఉన్నవారికి ఈ భయం ఎక్కువ.

దీనికి విరుగుడుగా బిళ్ళతోపాటు "గ్యాసు బిళ్ళ" ఒకటి ఇవ్వడం ఇప్పుడు ఆచారమైపోయింది. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటివి జీర్ణాశయాన్ని కొంతమేరకు నిజంగానే కాపాడుతాయి. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి వైద్యుడు కావాలనే వ్రాస్తాడు. కాని ఆ రక్షణ కడుపుతోనే సరి. మూత్రపిండాలకు, గుండెకు ఆ చిన్న మాత్ర చేయగలిగినది ఏమీ లేదు. గ్యాసు బిళ్ళ వేసుకున్నాము గనుక ఇక ఎన్నాళ్ళయినా వాడవచ్చుననే ధైర్యమే ఇళ్ళలో చేటు తెస్తున్నది.

మూత్రపిండాల విషయం కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. మన ఇళ్ళలో దీనిని గురించి మాట్లాడేవారు బహు తక్కువ. వరిమడిని ఊహించుకోండి. ఎగువ మడవ నుండి నీరు లోపలికి వస్తుంది, దిగువ మడవ గుండా బయటికి పోతుంది. మడిలో నీరు నిలిస్తేనే నేలలోకి ఇంకుతుంది. మూత్రపిండంలోని వడపోత అలాంటిదే. అక్కడ రక్తం కొంత ఒత్తిడితో నిలిస్తేనే మలినాలు వడకట్టబడతాయి. ఇప్పుడు రక్తపోటు ఉన్న ఒక పెద్దావిడను తలుచుకోండి. ఆమె వాడే టెల్మిసార్టాన్ గాని రామిప్రిల్ గాని దిగువ మడవను కాస్త వెడల్పు చేస్తుంది. దానితో కలిసి ఉన్న నీటిబిళ్ళ, అనగా మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు, కాలువలోని నీటినే తగ్గిస్తుంది. ఈ రెండూ ఆమెకు మేలు చేసే మందులే, మానకూడనివే. ఎగువ మడవ తెరిచి ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. ఆ ఎగువ మడవను తెరిచి ఉంచేది ప్రోస్టాగ్లాండిన్లు. నొప్పి బిళ్ళ వేసుకున్నప్పుడు అదీ మూసుకుంటుంది. కాలువలో నీరు తక్కువ, వచ్చే దారి ఇరుకు, పోయే దారి వెడల్పు. ఇక మడిలో ఏమి నిలుస్తుంది?

టెల్మిసార్టాన్, నీటిబిళ్ళ కలిసిన మాత్ర ఈనాడు ఎన్ని ఇళ్ళలో ఉన్నదో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. మోకాళ్ళ నొప్పులు కూడా ఆ వయస్సులోనే, ఆ ఇళ్ళలోనే ఉంటాయి. దీనికి మే నెల ఎండ తోడైతే, లేదా రెండు రోజుల విరేచనాలు తోడైతే చెప్పేదేముంది. నాకు తెలిసిన ఒక కుటుంబంలో అరవై రెండేళ్ళ ఇల్లాలు కూతురి పెళ్ళి పనులలో పన్నెండు రోజులపాటు రోజుకు రెండు నొప్పి బిళ్ళలు వేసుకున్నది. రక్తపోటు మాత్ర ఎప్పటిలాగే వేసుకున్నది. ఎండలో తిరుగుడు, పనుల హడావుడిలో మంచినీళ్ళు త్రాగడమే మరచిపోయింది. పెళ్ళయిన నాలుగవ రోజుకు పాదాలు వాచాయి, మూత్రం తగ్గింది, అన్నం సహించలేదు. అలసట అనుకున్నారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.8 వచ్చింది. నొప్పి బిళ్ళ ఆపి, ఆసుపత్రిలో నాలుగు రోజులుంచి చికిత్స చేస్తే ఆరు వారాలకు మామూలు స్థితి దరిదాపుకు వచ్చింది. ఆమె అదృష్టవంతురాలు, తొందరగా పట్టుకున్నారు. ఆ పన్నెండు రోజులలో ఆమెకు బిళ్ళలు తెచ్చి ఇచ్చినవారు చదువుకున్న కొడుకులే. బి.పి. మాత్ర సంగతి షాపులో చెప్పాలని వారికి తోచలేదు. అడగాలని షాపువానికీ తోచలేదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధి ఎన్నో ఏళ్ళుగా ప్రజలను పీడిస్తున్న సంగతి అందరికీ తెలిసినదే. దాని మూలకారణం ఇంతవరకు తేలలేదు గనుక నొప్పి బిళ్ళలే కారణమని ఎవరైనా చెబితే నమ్మవలసిన పని లేదు. అయితే కారణం ఏదైనా, ఒకసారి మూత్రపిండం దెబ్బతిన్నవారు ఈ బిళ్ళలను దగ్గరికి రానీయకూడదన్న విషయంలో వైద్యులలో భేదాభిప్రాయం లేదు. మధుమేహం పాతబడినవారు కూడా ఏడాదికొకసారి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోకుండా వీటిని వాడుకోవడం క్షేమం కాదు.

ఇంకొక విచిత్రం చూడండి. నొప్పి బిళ్ళలు శరీరంలో ఉప్పును, నీటిని నిలువ చేస్తాయి; రక్తపోటును పెంచుతాయి; రక్తపోటు మందుల శక్తిని తగ్గిస్తాయి. రోగి వైద్యుని వద్దకు వెళతాడు. బి.పి. ఎక్కువగా ఉన్నదని ఆయన మందు మోతాదు పెంచుతాడు. నొప్పి బిళ్ళ వేసుకుంటున్నానని రోగి చెప్పడు, ఎందుచేతనంటే అది అతని దృష్టిలో మందే కాదు. ఆ విధంగా ఒక మందు చేసిన పనికి మరొక మందు తోడవుతుంది. కడుపుకు తేలిక అని పేరు తెచ్చుకున్న కొత్తరకం బిళ్ళల చరిత్ర కూడా గుర్తుంచుకోదగినది. రోఫికాక్సిబ్ అనే మందును, గుండెపోటు, పక్షవాతం ఎక్కువ చేస్తున్నదని తేలినందున తయారుచేసిన కంపెనీయే 2004 సెప్టెంబరులో ప్రపంచమంతటా ఉపసంహరించుకున్నది. ఆ ఏడాదే మన దేశంలో కూడా నిషేధించారు. ఆస్పిరిన్ తప్ప ఈ జాతి మందులన్నిటికీ గుండెపోటు, పక్షవాతపు ప్రమాదం కొద్దో గొప్పో ఉన్నదని, అది వాడిన మొదటి వారాలలోనే మొదలు కావచ్చునని 2015లో అమెరికా ఔషధ సంస్థ తన హెచ్చరికను మరింత కఠినం చేసింది. గుండెకు స్టెంటు వేయించుకున్నవారు ఇది మరువరాదు.

రాబందుల కథ ఇక్కడ చెప్పకుండా ఉండలేను. మా చిన్నతనంలో ఊరి బయట పశుకళేబరం పడితే గంటలో పదుల సంఖ్యలో రాబందులు వాలేవి. 1990 తరువాత అవి కనుమరుగయ్యాయి. చివరకు 2004లో తేలినదేమంటే, పశువులకు నొప్పికోసం ఇచ్చిన డైక్లోఫెనాక్ వాటి మాంసంలో మిగిలి, దానిని తిన్న రాబందుల మూత్రపిండాలను పాడు చేసి చంపుతున్నదని. 2006లో భారత ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. మనుష్యుల కోసమని అమ్మే పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని 2015లో సూదిమందు సీసాను 3 మిల్లీలీటర్లకు మించకుండా పరిమితం చేసింది. పక్షి మూత్రపిండం వేరు, మనిషిది వేరు. రాబందుకు విషమైన మోతాదు మనకు విషం కాదు. కాని మన వీపున రాసుకునే, రోజూ మింగే మందు ఒకటి ఆకాశంలోని పక్షిజాతిని దాదాపు తుడిచిపెట్టిందని తెలిశాక, దానిని పిప్పరమెంటు బిళ్ళలా చూడటం నావల్ల కావడం లేదు.

ఇళ్ళలో ఎక్కువగా జరిగే తప్పు మోతాదులో కాదు, పేర్లలో ఉన్నది. ఒకే మందు పది పేర్లతో వస్తుంది. అమ్మకు ఎముకల వైద్యుడు వ్రాసినది ఏసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర. తలనొప్పి వచ్చిందని కోడలు ఇచ్చినది కాంబిఫ్లామ్. అందులో ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 325. సాయంత్రం ఒళ్ళు వెచ్చబడిందని మనుమడు ఇచ్చినది డోలో. అది మళ్ళీ పారాసిటమాలే. ఆ రోజు ఆమె ఒకే జాతి మందులు రెండు, పారాసిటమాల్ మూడుసార్లు మింగినది. ఎవరి మనసులోనూ దోషం లేదు, అందరిదీ ప్రేమే. పట్టీ వెనుక చిన్న అక్షరాలలో ఉండే అసలు పేరు చదివే అలవాటు చేసుకుంటే ఇది జరగదు. ఒక రోజున నొప్పి, వాపు తగ్గించే జాతి మందు ఒక్కటే. రెండవది కూడదు, పేరు ఎంత వేరుగా ఉన్నా. పారాసిటమాల్ ఈ జాతిది కాదు; వాపును తగ్గించదు, కడుపును, మూత్రపిండాన్ని అంతగా బాధించదు. దాని భయం కాలేయానికి. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజు మొత్తానికి 4 గ్రాములు దాటరాదు. సన్నగా ఉన్నవారు, మద్యపానం చేసేవారు అంతకంటె తక్కువలో ఆగాలి.

మోతాదు గురించి ఒక్క లెక్క చాలును. అమెరికాలో చీటీ లేకుండా అమ్మే ఐబుప్రొఫెన్ పెట్టెపై రోజుకు 1200 మిల్లీగ్రాములు మించవద్దని, నొప్పికి 10 రోజులు, జ్వరానికి 3 రోజులు దాటితే వైద్యుని చూడమని వ్రాసి ఉంటుంది. మన ఇళ్ళలో నాకు తోచే హద్దు అంతకంటె దగ్గరది. చిన్నపాటి నొప్పికి మూడు రోజులు. నాలుగవ రోజు కూడా బిళ్ళ కావాలనిపిస్తే ఆ నొప్పికి పేరు పెట్టే వైద్యుడు కావాలి.

వానాకాలపు జ్వరాలలో మాత్రం ఒక్క రోజు కూడా వద్దు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ రక్తస్రావాన్ని పెంచుతాయి. జ్వరానికి పారాసిటమాల్, త్రాగడానికి ద్రవాలు, ఆపై వైద్యుడు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వనే కూడదు. నిమెసులైడును పన్నెండేళ్ళలోపు పిల్లలకు మన ప్రభుత్వం 2011లోనే నిషేధించింది. పాత సీసాలేవైనా అలమారలో ఉంటే పారవేయండి. గర్భిణులు, ముఖ్యంగా ఐదవ నెల దాటినవారు వైద్యుడు చెప్పనిదే ఈ జాతి బిళ్ళ ముట్టరాదు. గర్భస్థ శిశువు మూత్రపిండాలకు, గుండెకు అది హాని. ఆడపిల్లలు నెలసరి నొప్పికి వాడే మెఫెనమిక్ ఆమ్లం ఒకటి రెండు రోజులకు మంచిదే. అయితే వాడిన కొన్ని రోజులకు గాని వారాలకు గాని ఒంటిపై దద్దుర్లు, జ్వరం వస్తే వెంటనే మాని వైద్యునికి చూపాలి. 2023లో మన దేశపు ఫార్మకోపియా కమిషను దీనిపై హెచ్చరిక ఇచ్చింది. ఉబ్బసం ఉన్న కొందరికి ఒక్క ఆస్పిరిన్ బిళ్ళే ఆయాసం తెస్తుంది. గుండెకోసం రోజూ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేసుకునేవారు ఐబుప్రొఫెన్ కూడా వేసుకుంటే ఆ ఆస్పిరిన్ చేసే మేలు తగ్గిపోవచ్చును.

ఇక మన వైపు తప్పు. ఇది చెప్పకపోతే న్యాయం కాదు. ఇంగ్లీషు బిళ్ళలకు భయపడి వచ్చినవారికి "సైడ్ ఎఫెక్టులు లేని మూలికల చూర్ణం" అని పేరులేని పొట్లాలు అమ్మేవారు మన మధ్య ఉన్నారు. బస్టాండ్ల వద్ద, తిరునాళ్ళలో, ఇప్పుడు ఫోనులో ప్రకటనల ద్వారా కూడా. అటువంటి పొడులను పరీక్షించినప్పుడు స్టెరాయిడ్లు, డైక్లోఫెనాక్ వంటివి బయటపడిన సందర్భాలు ఉన్నాయి. గుర్తుపట్టడం కష్టం కాదు. ఏళ్ళనాటి కీళ్ళనొప్పి రెండు రోజులలో మాయమైతే సందేహించండి. గుగ్గులు గాని, దశమూలాలు గాని, రాస్న గాని అంత వేగంగా పని చేయవు, ఎన్నడూ చేయలేదు. ఆకలి విపరీతమై, ముఖం గుండ్రంగా ఉబ్బి, మధుమేహం అదుపు తప్పి, మందు ఆపగానే నొప్పి రెట్టింపైతే అందులో స్టెరాయిడ్ ఉన్నదనే అనుకోవాలి. నెలల తరబడి వాడి ఉంటే దానిని ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే, ప్రాణం మీదికి రావచ్చును. పొట్లం పట్టుకుని వైద్యుని వద్దకు వెళ్ళి క్రమంగా తగ్గించుకోవాలి. లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, లోపలి ద్రవ్యాల పేర్లు లేని మందును ఏ శాస్త్రం పేరు చెప్పినా కొనకండి.

అయితే నొప్పిని ఓర్చుకుంటూ కూర్చోమంటున్నానా? కాదు. నడవలేక కుర్చీకి అంటుకుపోయిన మనిషికి బరువు పెరుగుతుంది, చక్కెర పెరుగుతుంది. సంధిగత వాతానికి, అనగా వయస్సుతో అరిగిన మోకాలికి, ఇంట్లో చేయదగినది చాలా ఉన్నది. గోరువెచ్చని నువ్వుల నూనె గాని మహానారాయణ తైలం గాని మర్దనా చేసి, వావిలాకు వేసి మరిగించిన నీటితో కాపడం పెట్టడం మన పెద్దలు బాలింతలకు, వృద్ధులకు చేసిన పనే. మధుమేహం వల్ల పాదాలు మొద్దుబారినవారికి మాత్రం కాపడం వేడిని ఇంకొకరు తమ చేతితో చూడాలి, తెలియకుండానే బొబ్బలెక్కుతాయి. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి కొన్ని క్షణాలు నిలిపే వ్యాయామం తొడ కండరాన్ని గట్టిపరుస్తుంది. ఒక్క కిలో బరువు తగ్గితే ప్రతి అడుగుకు మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని పరిశోధనలో తేలింది. ఇంత పని ఏ బిళ్ళా చేయదు, చెప్పాలంటే ఏ తైలమూ చేయదు. మందే కావాలంటే మింగే బిళ్ళకు ముందు పూసే డైక్లోఫెనాక్ జెల్లు మేలు. రక్తంలోకి పోయేది కొద్ది భాగమే. దానిపై గట్టిగా కట్టు కట్టకూడదు, కాపడం పెట్టకూడదు.

తెల్లవారగానే రెండు చేతుల వ్రేళ్ళ కీళ్ళు వాచి, గంట దాటినా బిగుసుకుని ఉంటే అది వేరే జబ్బు. మాధవకరుడు తన నిదానంలో ఆమవాతమని ప్రత్యేకంగా వర్ణించిన లక్షణాలు దీనికి దగ్గర. దీనికి నూనె మర్దనా మొదట్లో మన శాస్త్రమే వద్దంటుంది. ఇసుక మూటతో పొడి కాపడం చెబుతుంది. ఇటువంటి రోగులు గృహవైద్యంతో నెలలు గడపరాదు. ఆలస్యమైతే వ్రేళ్ళు వంకర తిరుగుతాయి. వైద్యుడు మెథోట్రెక్సేట్ వంటి మందు మొదలుపెట్టి ఉంటే ఈ వ్యాసం చదివి భయంతో దానిని ఆపవద్దని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. అది కీళ్ళను కాపాడే మందు, నొప్పి బిళ్ళ కాదు.

ప్రతి ఇంట్లో పెద్దలు వాడే మందులన్నీ ఒక కాగితంపై వ్రాసి, క్యాలెండరు వెనుకనో పర్సులోనో ఉంచండి. షాపుకు వెళ్ళినప్పుడు "నొప్పికి ఏదైనా ఇవ్వండి" అనకుండా ఆ కాగితం చూపండి. మా వంటి ఆయుర్వేద వైద్యుల వద్దకు వచ్చినప్పుడు కూడా అదే కాగితం తీసుకురండి. కూరలో వేసే పసుపు, శొంఠి కాఫీ ఎవరికీ అడ్డు కాదు. కాని పసుపు సారపు గొట్టాలు, గుగ్గులు మాత్రలు రక్తం పలుచబరిచే మందులు వాడేవారికి చిక్కు తేగలవు. మీరు వార్ఫరిన్ గాని ఎసిట్రోమ్ గాని వాడుతున్నట్లు చెప్పకపోతే మేము కూడా ఊహించలేము.